స్కేటు బూటు - పాదముపై ఒత్తిడి

క్రొత్త చెప్పు కరచుట యెరుగనివారుండరు. మంచుపై జారెడి ఆటగాండ్రకు ఈ బాధ మరింత హెచ్చు. ఏలనన, వారి బూటు వదులుగా నుండుటకు వీలులేదు. బిగువును, సుఖమును ఒకేచోట సాధించుటకై జరిగిన ప్రయత్నమే స్కేటు బూటు చరిత్ర.

ఉత్తర ఐరోపా ప్రజలు మూడువేల యేండ్లకు పూర్వమే పశువుల యెముకలను చదునుచేసి, తోలుపట్టీలతో పాదములకు కట్టుకొని, చేతికఱ్ఱతో మంచును నెట్టుచు సాగెడివారు. మధ్యయుగముల చివర హాలెండులో కొయ్యకు ఇనుపపట్టె నమర్చిన స్కేటులు వచ్చెను. వీనిని మామూలు పాదరక్షలకే కట్టెడివారు. నొప్పి పుట్టినచో పట్టీని వదులు చేయవచ్చును. కాని అప్పుడు స్కేటు నిలువదు.

ఆ దేశీయుడే యగు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు పెట్రస్ కాంపర్ 1781లో పాదరక్షల ఉత్తమాకారమును గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. ఆ దినములలో కుడియెడమల భేదము లేక రెండు బూటులను ఒకే అచ్చుపై కుట్టెడివారు. పాదమును బట్టి బూటు ఉండవలెను గాని, వేడుకను బట్టి కాదని ఆయన వాదించెను.

1860 తరువాతి దశకములో జాక్సన్ హేన్స్ అను అమెరికా నర్తకుడు ఉక్కుపలకను బూటు అడుగుననే మరలతో బిగించి, నాట్యమును మంచుపైకి తెచ్చెను. 1882లో ఆక్సెల్ పాల్సెన్ గాలిలో ఒకటిన్నర చుట్టు తిరిగెను. 1952లో డిక్ బటన్ మూడు చుట్లు, 1988లో కర్ట్ బ్రౌనింగ్ నాలుగు చుట్లు, 2022లో ఇల్యా మలీనిన్ నాలుగున్నర చుట్లు తిరిగిరి. ఇట్టి గెంతు ముగించి దిగునపుడు శరీరపు బరువునకు ఐదురెట్లకు మించిన బలము కాలిపై పడగలదు. చీలమండ మడతపడకుండుటకై బూటులను పొరలుపొరలుగా దళసరి చేసిరి. దళసరి బూటు ఎముకకు దారి యీయదు. చీలమండ గుబ్బలు, మడమ వెనుకభాగము, చిటికెనవ్రేలి మొదలు దానికి ఒరసికొనును.

పీడనమనగా బలమును వైశాల్యముచే భాగించగా వచ్చు ఫలము. ఒక కిలోగ్రాము బరువు ఒక చదరపు సెంటీమీటరుపై ఆనినచో పీడనము 1000 గ్రాములు. అదే 20 చదరపు సెంటీమీటర్లపై పరచుకొనినచో 50 గ్రాములే. 1930లో యూజీన్ లాండిస్ గోటి అంచుననున్న కేశనాళికలలోని రక్తపీడనమును కొలిచెను. నెత్తురు ప్రవేశించు కొనయందు అది సగటున 32 మిల్లీమీటర్ల పాదరసము. అనగా చదరపు సెంటీమీటరుకు దాదాపు 44 గ్రాములు. ఎముక గుబ్బపై పడు ఒత్తిడి దీనికి ఎన్నో రెట్లు మించినచో అచ్చటి చర్మమునకు రక్తమందదు. మొదట ఎఱుపు, పిదప బొబ్బ, తరువాత కాయ. మడమ వెనుక ఎముక ఉబ్బి, గట్టి బూటుకు ఒరసికొని బాధించు స్థితిని 1920-30 దశకపు చివర స్వీడను వైద్యుడు పాట్రిక్ హాగ్లండ్ వర్ణించెను. స్కేటరులలో ఇది తరచుగా కనబడును.

నొప్పియున్న చోటనే మెత్త పెట్టుట సహజమైన పొరపాటు. ఇరుకైన బూటులో ఆ మెత్తయే ఒత్తిడిని పెంచును. నడుమ రంధ్రముగల ఫెల్టుబిళ్ల నుంచినచో బరువు చుట్టుప్రక్కలకు పోయి, గుబ్బ ఖాళీలో నిలుచును. చెప్పులు కుట్టువారి ఉపాయము ఇంకొకటి కలదు. ఒక కొనయందు గుండు, రెండవ కొనయందు కడియము గల పట్టకారుతో బూటును ఆ ఒక్కచోటనే వెలుపలికి ఉబ్బించుదురు. తడిసిన తోలులోని నారలు ఒకదానిపై నొకటి జరిగి, ఆరిన పిదప క్రొత్త రూపమున నిలుచును. తక్కిన బూటు బిగువు చెడదు. ఇటీవలి బూటులు కొన్నింటిలో వేడికి మెత్తబడు ప్లాస్టిక్కు ఉండును. వానిని సుమారు 80 డిగ్రీల సెల్సియస్ వరకు కొలిమిపెట్టెలో కాచి, తొడిగి, చల్లారనిచ్చినచో పాదపు ఆకారమును గ్రహించును.

ఓర్చుకొనినచో బూటే మెత్తబడునని చెప్పి పసివారిని ఆడించువారు కలరు. తోలు మరల సాగును; పెరిగిన ఎముక తనంతట తాను తరుగదు. కావున మొదట లొంగవలసినది బూటే.