‘తృటిలో తప్పింది’ అని ఎవరికి చెప్పాలి? మన హైవే, ఒక విమానం, ఒక నోట్‌బుక్

ఈ ఎపిసోడ్ మన హైదరాబాద్–విజయవాడ హైవే గురించి. గరికపాడు చెక్‌పోస్ట్ దాటితే ఆంధ్రాలోకి వచ్చేస్తాం. జగ్గయ్యపేట, చిల్లకల్లు టోల్‌గేట్, నందిగామ, తర్వాత కీసర దగ్గర మున్నేరు. పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే ఈ రోడ్డుని పాతవాళ్లు ఇప్పటికీ తొమ్మిదో నంబర్ హైవే అంటారు. 2010లో నంబర్లు మార్చాక 65 అయింది.

జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి ఉంది. అందుకే సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటి వెనకే లారీలు వచ్చాయి. చీకటి పడితే వీటికి దూరప్రాంతాల బస్సులు తోడవుతాయి. మీలో కొందరి ఇంట్లో లారీ ఉండొచ్చు. కొందరి నాన్నో మామయ్యో ఈ రాత్రి స్టీరింగ్ మీదే ఉండొచ్చు.

పేపర్లో ఒక హెడ్డింగ్ మనందరం చూసే ఉంటాం. ‘తృటిలో తప్పిన పెను ప్రమాదం’. ఒకసారి ఆలోచించండి. ఆ తప్పిన ప్రమాదం సంగతి ఎవరు రాసుకున్నారు? మర్నాడు అదే దారిలో వచ్చే ఇంకో డ్రైవర్‌కి ఎవరు చెప్పారు? ఈ రోజు చరిత్ర మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముళ్లపాడు, 2017

2017 ఫిబ్రవరి 28, తెల్లవారుజాము. భువనేశ్వర్ నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఒక ప్రైవేట్ ట్రావెల్స్ బస్సు విజయవాడ దాటింది, నందిగామ దాటింది. పెనుగంచిప్రోలు మండలం ముళ్లపాడు దగ్గర డివైడర్‌ని కొట్టి, రెండు వంతెనల మధ్య ఉన్న ఖాళీలోంచి కిందకి పడిపోయింది. కనీసం 10 మంది చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. నందిగామ ఆసుపత్రి దగ్గర నాయకులు, అధికారుల మధ్య జరిగిన గొడవ రోజుల తరబడి టీవీల్లో నడిచింది.

ప్రమాదం జరిగాక అందరూ రాస్తారు. పోలీసులు ఎఫ్ఐఆర్ రాస్తారు, డాక్టర్లు పోస్ట్‌మార్టం రిపోర్ట్ రాస్తారు, బీమా వాళ్లు రాస్తారు, పేపర్లు రాస్తాయి. మరి అంతకుముందు? తెల్లవారుజామున ఈ రోడ్డు మీద కునికిపాట్లు పడి, డివైడర్ దాకా వెళ్లి, ఉలిక్కిపడి బండి తిప్పుకున్న డ్రైవర్లు ఎంతమంది? ఆ లెక్క ఏ రిజిస్టర్‌లోనూ దొరకదు. అది రాసే చోటే మనకి లేదు. టీ కొట్టు దగ్గర ‘బతికిపోయాం రా’ అనుకుంటారు, పెనుగంచిప్రోలు తిరుపతమ్మకి మొక్కుకుంటారు, మళ్లీ బండెక్కుతారు. మొక్కు తీర్చుకోవాల్సిందే. కానీ ఆ మాట పక్క లారీ డ్రైవర్‌కి చేరదు కదా.

ఆరు వారాల ముందే తెలిసిన సంగతి

ఇప్పుడు కాసేపు రోడ్డు వదిలి ఆకాశంలోకి వెళ్దాం. అమెరికా, 1974 డిసెంబర్ 1. వాషింగ్టన్ దగ్గర డల్లెస్ ఎయిర్‌పోర్టులో దిగాల్సిన టీడబ్ల్యూఏ 514 విమానం కొండని గుద్దుకుంది. లోపలున్న 92 మందీ చనిపోయారు. కంట్రోల్ టవర్ వాళ్లు ‘దిగడానికి అనుమతి ఉంది’ అన్నారు. ఎంత ఎత్తుకి దిగొచ్చు అన్నది పైలట్లు ఒకలా అర్థం చేసుకున్నారు, కింద ఉన్నవాళ్ల ఉద్దేశం ఇంకోలా ఉంది.

దర్యాప్తులో ఒక సంగతి బయటపడింది. సరిగ్గా ఆరు వారాల ముందు, యునైటెడ్ అనే వేరే కంపెనీ విమానం అదే కొండ దగ్గర, అదే పొరపాటుతో, తృటిలో తప్పించుకుంది. ఆ పైలట్లు తమ కంపెనీలో చెప్పారు. కంపెనీ తన పైలట్లందరినీ హెచ్చరించింది. కానీ పక్క కంపెనీకి ఆ కబురు వెళ్లే దారి లేదు. 92 ప్రాణాలు పోయింది ఆ దారి లేకే.

అప్పుడు 1975లో అక్కడి విమానయాన శాఖ ‘మాకు చెప్పండి’ అని ఒక ఏర్పాటు చేసింది. పైలట్లు నమ్మలేదు. లైసెన్స్ పీకే శాఖకే వెళ్లి ‘నేను పొరపాటు చేశాను’ అని ఎవరు చెప్తారు? అందుకే 1976లో ఆ పనిని ఎవరికీ జరిమానా వేయని నాసాకి అప్పగించారు. 10 రోజుల్లోపు రాసి పంపితే, కావాలని చేసిన తప్పు కాకపోతే, శిక్ష ఉండదు. నేరాలకీ, నిజంగా జరిగిన ప్రమాదాలకీ ఈ మినహాయింపు వర్తించదు. పేరు తీసేసి, జరిగింది మాత్రం అందరికీ పంచుతారు. ఇప్పటిదాకా 20 లక్షలకి పైగా రిపోర్టులు వచ్చాయి.

మన దగ్గర కూడా ఇలాంటి ఆలోచన ఒకటి పాతదే ఉంది. రైలు ప్రమాదాలపై దర్యాప్తు చేసే రైల్వే సేఫ్టీ కమిషనర్లు రైల్వే శాఖ కింద పనిచేయరు, పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. నడిపేవాడే తన తప్పుని విచారించుకోకూడదని 1941లోనే వాళ్లని విడగొట్టారు. రోడ్డు మీద లారీలకి, బస్సులకి మాత్రం ఆ ఆలోచన రాలేదు.

మన చట్టం ఏం అడుగుతుంది?

దేశం మొత్తానికి మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. తర్వాత 1939లో ఒకటి, ఇప్పుడున్న 1988 చట్టం ఇంకొకటి. ఇందులో 134వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగితే డ్రైవర్ గాయపడినవాళ్లకి వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోపు పోలీసులకి చెప్పాలి. మంచిదే. కానీ ఇది జరిగిపోయినదాని గురించి.

2024 జనవరి మొదటి వారం గుర్తుందా? హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు. కొత్త న్యాయ సంహితలో 106(2) సెక్షన్ మీద ట్రక్కు డ్రైవర్లు చేసిన సమ్మె అది. నిర్లక్ష్యంగా బండి నడిపి ఒకరి చావుకి కారణమై, పోలీసులకి చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు. ఆగితే జనం కొడతారు, ఆగకపోతే జైలు అన్నారు డ్రైవర్లు. చివరికి 2024 జులై 1న కొత్త చట్టం మొత్తం అమల్లోకి వచ్చినా ఆ ఒక్క సబ్‌సెక్షన్‌ని పక్కన పెట్టారు. రిపోర్ట్ అనే మాట వింటేనే డ్రైవర్‌కి ఎందుకంత భయమో అక్కడ అర్థమవుతుంది.

ఇంకో లెక్క చూడండి. హైవే మీద ‘బ్లాక్ స్పాట్’ అంటే ఏంటి? సుమారు 500 మీటర్ల ముక్కలో, మూడేళ్లలో, ప్రాణాలు పోయినవో తీవ్ర గాయాలైనవో 5 ప్రమాదాలు జరగాలి, లేదా 10 మంది చనిపోవాలి. అప్పుడే అది బ్లాక్ స్పాట్. 2021 నుంచి వచ్చిన ఐరాడ్ యాప్‌లో పోలీసులు ప్రతి ప్రమాదాన్నీ ఫోన్‌లోనే నమోదు చేస్తున్నారు. ఐఐటీ మద్రాస్ వాళ్లు తయారుచేసిన మంచి ఏర్పాటు అది. కానీ అందులోకి ఎక్కేది కూడా ప్రమాదమే. తప్పిపోయిన ప్రమాదం ఎక్కదు. అంటే రోడ్డు ప్రమాదకరమని ప్రభుత్వానికి తెలియాలంటే ముందు మనుషులు పోవాలి. డ్రైవర్లకి మాత్రం అది ఎప్పుడో తెలుసు.

పది లారీలకి ఇది ఎలా చేయాలి?

నాసా అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఒక నోట్‌బుక్, ఒక వాట్సాప్ నంబర్ చాలు.

మొదటిది, ఏం చెప్పాలో ముందే తేల్చండి. బ్రేక్ సరిగా పడలేదు, టైర్ పేలింది, కునుకు పట్టింది, రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ ఎదురొచ్చింది, లైట్లు లేకుండా ఆపిన లారీని చివరి నిమిషంలో చూశాను, వంతెన మీదకి నీళ్లొచ్చాయి. ఆఖరిది చిన్న విషయం కాదు. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర ఇదే హైవే మీద బండ్లన్నీ ఆగిపోయాయి.

రెండోది, ఫారాలు పెట్టకండి. రాత్రంతా బండి నడిపిన మనిషి రెండు పేజీలు నింపడు. బండి ఆపాక అర నిమిషం వాయిస్ మెసేజ్ చాలు. ఎక్కడ, ఎన్నింటికి, ఏం జరిగింది, ఎలా తప్పింది. ఇంట్లో ఉన్న మీలాంటివాళ్లు దాన్ని విని నోట్‌బుక్‌లో ఎక్కించొచ్చు.

మూడోది అన్నిటికంటే కష్టం. చెప్పినందుకు బత్తా కోయకూడదు, ట్రిప్పు ఆపకూడదు, తిట్టకూడదు. ఒక్కసారి కోశారంటే ఆ నంబర్‌కి ఇంక మెసేజ్ రాదు. తాగి నడపడం, కావాలని చేసిన తప్పు వేరే లెక్క. ఆ సంగతి కూడా మొదటి రోజే అందరికీ చెప్పేయాలి.

నాలుగోది, వారానికోసారి ఓనర్, మెకానిక్, డ్రైవర్లు కూర్చుని చదవాలి. ‘నువ్వు చెప్పిన బ్రేక్ బాగు చేయించాం’ అని డ్రైవర్‌కి తిరిగి చెప్పాలి. కునుకు గురించి నాలుగు మెసేజ్‌లు వస్తే అది నలుగురు డ్రైవర్ల తప్పు అనుకోకండి, మీ ట్రిప్పు టైమింగ్ చూసుకోండి. రవాణా కార్మికుడికి రోజుకి 8 గంటలే పని అని 1961లోనే చట్టం వచ్చింది. కానీ 2025లో రద్దయ్యేదాకా అది కనీసం ఐదుగురు పనివాళ్లున్న సంస్థలకే వర్తించేది. ఒకటి రెండు లారీల ఓనర్ దగ్గర డ్రైవర్‌కి అదీ ఉండేది కాదు.

ఐదోది, యునైటెడ్ కంపెనీ దగ్గర ఆగిపోయిన పని. మీ పది లారీలకి తెలిసింది పక్క ఓనర్ లారీలకీ తెలియాలి. జగ్గయ్యపేటలో అయినా నందిగామలో అయినా, కిరాయిలు మాట్లాడుకోవడానికి ఓనర్లు కలుస్తూనే ఉంటారు. పేర్లు, బండి నంబర్లు తీసేసి, నెలకో కాగితం అక్కడ పంచుకోవచ్చు. ఫలానా వంతెన దగ్గర డివైడర్ కనపడట్లేదని ముగ్గురు వేర్వేరు ఓనర్ల డ్రైవర్లు చెప్పారనుకోండి, దాన్ని పట్టుకుని హైవే వాళ్లని అడగొచ్చు. అప్పుడు పదిమంది పోయేదాకా ఆగక్కర్లేదు.

ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరైనా డ్యూటీ దిగి వస్తే, అన్నం తినేటప్పుడు ఒక్క మాట అడగండి. ‘ఈ వారంలో ఎక్కడైనా తృటిలో తప్పిందా?’ అని. చెప్తే వినండి, తిట్టకండి, రాసి పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. జాగ్రత్తగా వెళ్లి రండి.