ఖాళీ చిరునామా: నల్ ఎర్రర్ వెనక ఉన్న కథ

ఈ ఎపిసోడ్‌లో ముందు కథ, తర్వాత కోడ్.

మీరు బిల్లింగ్ ఫారం తయారు చేశారు. కాంబో బాక్స్‌లో కస్టమర్‌ని ఎంచుకోకుండానే ఎవరో సేవ్ నొక్కారు. వెంటనే "ఆబ్జెక్ట్ రిఫరెన్స్ నాట్ సెట్ టు యాన్ ఇన్‌స్టెన్స్ ఆఫ్ యాన్ ఆబ్జెక్ట్" అని ఎర్రర్. అసలు ఇది ఎక్కడ పుట్టిందో తెలుసా?

1965లో. టోనీ హోర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఆల్గాల్ డబ్ల్యూ భాషకి రిఫరెన్సులు రూపొందిస్తున్నారు. రిఫరెన్స్ అంటే వస్తువు కాదండీ, అది ఉన్నచోటి చిరునామా. ప్రతి వాడకాన్నీ కంపైలరే తనిఖీ చేయాలన్నది ఆయన ఆశయం. కానీ "ఏమీ లేదు" అని చెప్పే నల్‌ని పెట్టడం చాలా తేలిక కాబట్టి పెట్టేశారు. 2009లో లండన్ సభలో ఆయనే దాన్ని వంద కోట్ల డాలర్ల పొరపాటు అని ఒప్పుకున్నారు.

ఆ తేలికకి మూల్యం మనం కట్టాం. 1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6 వాడినవాళ్ళకి అది ఎర్రర్ 91. 2002లో డాట్‌నెట్ వచ్చాక పేరు మారింది, బాధ మారలేదు. చివరికి 2019లో సీ షార్ప్ 8, మనం కోరితే, నల్ రావచ్చు అనిపించిన చోట కంపైలర్ చేతే హెచ్చరిక ఇప్పించింది. అంటే 54 ఏళ్ళు!

ఇప్పుడు మన ఫారంకి వద్దాం. ఎర్రర్ చూపించే లైను పేలిన చోటు మాత్రమే. ఖాళీ అంతకుముందే వచ్చింది. కాబట్టి డీబగ్గర్ ఆగగానే ఆ లైనులో ఏది నల్‌గా ఉందో చూడండి. తర్వాత కాల్ స్టాక్ పట్టుకుని వెనక్కి వెళ్ళండి. దాన్ని ఎవరు నింపాలి, ఎప్పుడు నింపాలి? ఇన్షియలైజ్ కాంపొనెంట్ కంటే ముందే టెక్స్ట్ బాక్స్‌ని ముట్టుకున్నారా? రెండో ఫారంకి వేరియబుల్ పెట్టి, న్యూ రాయడం మరిచారా?

చాలామంది కనిపించిన చోటల్లా "నల్ కాకపోతేనే" అని ఇఫ్ పెట్టేస్తారు. ఎర్రర్ పోతుంది, నిజమే. కానీ కస్టమర్ లేని బిల్లు నోరెత్తకుండా సేవ్ అవుతుంది. నెలాఖరుకి లెక్క తేలదు. దానికన్నా ప్రోగ్రాం ఆగిపోవడమే నయం కదా? కస్టమర్ లేకపోతే "ముందు పేరు ఎంచుకోండి" అని చెప్పి సేవ్ ఆపేయండి.

తేలిక అని చేసిన పని ఎవరి నెత్తిన పడుతుందో హోర్ గారి కథ చెప్పింది. మన ఇఫ్ కూడా అలాంటిదే కాకుండా చూసుకుందాం. ఉంటానండీ.