పదిహేడు అంగుళాల చరిత్ర

ఎనిమిదేళ్ళ క్రితం అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి నాకు ఉత్తరం వచ్చింది. దక్షిణాసియా సాహిత్యం మీద సదస్సు. నా పేపర్ ఎంపికయింది. టికెట్ ఖర్చు కూడా వాళ్ళే పెట్టుకుంటామన్నారు. రెండు రోజులు ఆలోచించి, "కుటుంబ కారణాల వల్ల రాలేకపోతున్నాను" అని జవాబు రాశాను. కుటుంబంలో ఏ కారణమూ లేదు. అమ్మ వెళ్ళమంది. అత్తగారు పిల్లాణ్ణి చూసుకుంటానంది. నేను ఆగిపోవడానికి కారణం ఒక్కటే. విమానం సీటులో పడతానో లేదోనన్న భయం.

అంతకుముందు ఏడాది ఢిల్లీ వెళ్ళేటప్పుడు సీటుబెల్టు నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. ఊపిరి బిగబట్టినా అందలేదు. ఎవర్నీ అడగలేక, చున్నీ ఒళ్ళో కప్పుకుని, బెల్టు పెట్టుకోకుండానే రెండు గంటలు కూర్చున్నాను. పక్కాయన నావైపు చూడలేదు గానీ, నేను కదిలినప్పుడల్లా నిట్టూర్చాడు. మోచేతులు పొట్టకి అదుముకుని, తొడలు దగ్గరికి లాక్కుని, నేనెంత చిన్నగా అవగలనో అంత చిన్నగా అయిపోయాను. రెండు గంటలే అలా గడిస్తే ఇరవై గంటల ప్రయాణం ఎలా చేస్తాననిపించింది.

ఇంతకీ నా పిహెచ్‌డి విషయం చెబితే మీరు నవ్వుతారు. తెలుగు స్త్రీల యాత్రా రచనలు! 1873లో ఇంగ్లండు వెళ్ళి, ఆ అనుభవాలను అక్షరబద్ధం చేసిన పోతం జానకమ్మ రాఘవయ్య మీద నా థీసిస్‌లో ఒక అధ్యాయమే ఉంది. ఆవిడ పుస్తకం 1876లో మద్రాసులో ఇంగ్లీషులో అచ్చయింది. సముద్రం దాటితే కులం పోతుందనే రోజుల్లో ఆమె ఓడెక్కింది. ఆమె గురించి నాలుగు ఊళ్ళలో ఉపన్యాసాలిచ్చిన నేను ఒక కుర్చీకి భయపడి ఇంట్లో కూర్చున్నాను.

ఆ సిగ్గులోంచే ఒక ప్రశ్న పుట్టింది. ఆ కుర్చీ కొలత ఎవరి ఒంటికి తీశారు?

సాహిత్య పరిశోధకురాలిని కాబట్టి నాకు చేతనైన పనే చేశాను, చదవడం మొదలుపెట్టాను. 'సగటు మనిషి' అనే ఊహకి రూపమిచ్చినవాడు బెల్జియం గణితవేత్త అడాల్ఫ్ కెత్లే. 1830లలో వేలమంది ఎత్తులూ బరువులూ లెక్కగట్టి, పెద్దవాళ్ళ బరువు ఎత్తు వర్గాన్ని బట్టి మారుతుందని ఆయన గమనించాడు. జనసమూహాల్ని అర్థం చేసుకోవడానికి వేసిన లెక్క అది. ఒక్కొక్క మనిషినీ నిలబెట్టి నువ్వు సరిగ్గా ఉన్నావా లేదా అని తేల్చడానికి వేసింది కాదు. 1972లో అమెరికన్ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, ఆయన సహచరులు ఈ లెక్కకి 'బాడీ మాస్ ఇండెక్స్' అని పేరు పెట్టారు. వాళ్ళు పరిశీలించింది అయిదు దేశాలకు చెందిన సుమారు 7,400 మందిని. అందరూ మగవాళ్ళే. ఇప్పుడు మన గర్భిణుల ఆస్పత్రి చీటీల మీద కూడా కనిపించే బి.ఎం.ఐ. వెనక ఉన్న కథ ఇది.

ఇక కుర్చీ. 1958లో పాన్ యామ్ సంస్థ బోయింగ్ 707 నడపడం మొదలుపెట్టింది. మన ఎయిర్ ఇండియా 1960లో అదే రకం విమానంతో న్యూయార్క్ చేరింది. ఆ విమానంలో నడవాకి అటు మూడు, ఇటు మూడు సీట్లు పట్టాలి. అలా పట్టించాక ఒక్కొక్కరికి మిగిలింది సుమారు పదిహేడు అంగుళాలు. అదే వెడల్పున్న విమానపు గొట్టం ఆ తర్వాత 727కీ, 737కీ కొనసాగింది. 1995లో వచ్చిన పెద్ద విమానం 777లో మొదట ఎక్కువ సంస్థలు వరసకి తొమ్మిది సీట్లు వేశాయి. తర్వాత అదే వెడల్పులో పది ఇరికించాయి. ఆడవాళ్ళ తుంటి వెడల్పు సగటున మగవాళ్ళకంటే ఎక్కువని శరీర కొలతల శాస్త్రం తెలిసిన వాళ్ళందరికీ తెలుసు. అయినా ఆ పదో సీటు వచ్చింది. మన ఒళ్ళు పెరగడం గురించి మనతో మాట్లాడనివాళ్ళు లేరు. సీటు తగ్గడం గురించి ఎవరు మాట్లాడారు?

మన బరువు వాళ్ళకి తెలియదనుకోకండి. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో ఒక చిన్న విమానం ఎగిరిన వెంటనే కూలి 21 మంది చనిపోయారు. నిర్వహణలో జరిగిన తప్పుతో పాటు, ప్రయాణికుల బరువుకి పాతకాలపు సగటు అంకెలు వాడడం కూడా కారణమని దర్యాప్తులో తేలింది. ఆ తర్వాత అక్కడి విమానయాన అధికారులు సగటు బరువు అంకెను పెంచారు. అంటే ఇంధనం లెక్కలో, రెక్కల లెక్కలో మన నిజమైన ఒంటికి చోటు దొరికింది. కుర్చీలో మాత్రం దొరకలేదు.

ఇలా చదువుకుంటూ పోతుంటే నేను అనుకోని చోట ఇంకొక స్త్రీ ఎదురైంది. సీట్ల మధ్య నడవాలో నిలబడి ఉన్న స్త్రీ.

1930లో ఎలెన్ చర్చ్ అనే నర్సు అమెరికాలో తొలి ఎయిర్ హోస్టెస్ అయింది. ఆమెతో కలిపి ఎనిమిది మందిని తీసుకున్నారు. పెళ్ళి కాకూడదు, పాతికేళ్ళు దాటకూడదు, 115 పౌండ్లు, అంటే సుమారు 52 కిలోలు మించకూడదు. విమానంలో స్త్రీకి ఉద్యోగం పుట్టిన రోజే ఆమెతో పాటు తూకం రాయి కూడా పుట్టింది. తర్వాతి దశాబ్దాల్లో బరువు పెరిగిన అమ్మాయిల్ని జీతం లేకుండా నేలమీద కూర్చోబెట్టడం మామూలయిపోయింది. వాళ్ళు ఊరుకోలేదు. సంఘాలు పెట్టుకున్నారు, కోర్టులకెక్కారు. 1982లో కాంటినెంటల్ సంస్థ మీద వేసిన కేసులో, ఆడవాళ్ళకే పరిమితమైన బరువు నిబంధన వివక్షేనని అప్పీలు కోర్టు తేల్చింది. 1991లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ బరువు పరిమితుల్ని సడలిస్తూ రాజీకి వచ్చింది.

మన దగ్గర? ఎయిర్ ఇండియా హోస్టెస్‌లు 35 ఏళ్ళకి రిటైరవ్వాలి, ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకున్నా, మొదటిసారి గర్భం వచ్చినా ఇంటికి పోవాలి అనే నిబంధనల మీద నర్గీస్ మీర్జా, ఆమె సహోద్యోగులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1981లో కోర్టు గర్భం నిబంధనని కొట్టేసింది. పెళ్ళి నిబంధనని మాత్రం ఉంచింది. బరువు విషయానికొస్తే, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్ హోస్టెస్‌లు వేసిన కేసులో 2008లో ఢిల్లీ హైకోర్టు యాజమాన్యం వైపే నిలిచింది. 2014లో విమానయాన నియంత్రణ సంస్థ డి.జి.సి.ఎ. జారీ చేసిన నియమాల్లో మగ సిబ్బందికి బి.ఎం.ఐ. 25 దాకా మామూలు, ఆడవాళ్ళకి 22 దాటితే అధిక బరువు! మగవాళ్ళని కొలిచి నిర్ధారించిన లెక్కని ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇంకో మూడు అంకెలు బిగించారు. ఆరోగ్యం కోసమైతే ఆ మూడు అంకెల తేడా ఎందుకు?

అది చదివిన రాత్రి నాకొక సంగతి అర్థమైంది. నేను సీటులో ముడుచుకుని ఎవరి చూపుకి భయపడ్డానో, ఆ అమ్మాయిని కూడా తూకం వేసే పంపారు.

కిందటేడు మళ్ళీ ఒక సదస్సుకి పిలుపొచ్చింది. ఈసారి వస్తానని రాశాను. ధైర్యం వచ్చిందని కాదు, తయారయ్యాను. నడవా పక్క సీటు ముందే తీసుకున్నాను. తొడలు ఒరుసుకుని మండకుండా వదులు నూలు సల్వార్ కుట్టించుకున్నాను. కాళ్ళ వాపుల గురించి డాక్టరమ్మనడిగి బిగుతు మేజోళ్ళు కొనుక్కున్నాను. విమానం గుమ్మంలో నమస్కారం పెట్టిన అమ్మాయికి, ఇంట్లో అద్దం ముందు పదిసార్లు వల్లెవేసుకున్న మాట చెప్పాను. "నాకు బెల్టు ఎక్స్‌టెండర్ కావాలి."

ఆమె అయిదు నిమిషాల్లో తెచ్చింది. మూరెడు పట్టీ, ఒక కొక్కెం. దాన్ని దుప్పటి మడతలో దాచి, ఎవరికీ కనపడకుండా నా ఒళ్ళో పెట్టింది. నాకు అవమానం కాకూడదని ఆమె దయ. ఎనిమిదేళ్ళ నా జీవితాన్ని తిన్నది ఆ మూరెడు పట్టీ అని ఆమెకేం తెలుసు?

మొదటి మజిలీ గల్ఫ్. నా పక్కన రాయచోటి నుంచి వచ్చిన ఒకామె. కువైట్‌లో ఇంటిపని చేస్తుందట, సెలవుకొచ్చి తిరిగి పోతోంది. నేను అలవాటుగా ముడుచుకోవడం చూసి, మా ఇద్దరి మధ్య ఉన్న చేతి ఆనుకోలుని ఆమే పైకెత్తేసింది. "ఏమిటికక్కా అట్ల ముడుసుకుంటావు? బస్సులో ఇద్దురి సీట్లో ముగ్గురం కూసోమా? సర్దుకుంటే సరిపోతాది" అంది. నాలుగు గంటలు ఆమె భుజం నా భుజానికి ఆనుకునే ఉంది. ఇద్దరం నిద్రపోయాం కూడా.

కాళ్ళు పట్టేయకుండా నడుద్దామని వెనక్కి వెళితే, దుప్పటి అమ్మాయి టీ కాచుకుంటోంది. మాటల్లో ఎక్స్‌టెండర్ గురించి చెప్పి, "దాచక్కర్లేదమ్మా, ఈసారి చేతిలోనే తెచ్చివ్వు" అన్నాను. ఆమె కాసేపు ఆగి, ఇంతకుముందు తాను పనిచేసినచోట నెలనెలా తూకం వేసేవాళ్ళని, ఆ ముందు రోజంతా మంచినీళ్ళు కూడా మానేసేదాన్నని చెప్పింది. తర్వాత నాకూ ఒక టీ ఇచ్చింది. చక్కెర వేసే ఇచ్చింది.

ఈ ఇద్దరి మంచితనాన్నీ నేను మర్చిపోను. కానీ మంచితనం మీద ఆధారపడి ఎన్ని ప్రయాణాలు చేస్తాం? తిరుగు ప్రయాణంలో పక్కన మళ్ళీ నిట్టూర్పులాయనే పడొచ్చు. ఇది హక్కుగా మారాలని అడిగినవాళ్ళున్నారు. 1973లో లాస్ ఏంజెలస్‌లో జూడీ ఫ్రీస్పిరిట్, ఆమె స్నేహితురాళ్ళు 'ఫ్యాట్ అండర్‌గ్రౌండ్' పేరుతో ఒక మేనిఫెస్టో ప్రకటించారు. లావుగా ఉన్నవాళ్ళకి సమాన గౌరవం, సమాన సౌకర్యం హక్కు అన్నారు. 1978లో సూసీ ఆర్బాక్ ఈ విషయాన్ని స్త్రీవాద చర్చలోకి తన పుస్తకంతో తెచ్చింది. కెనడాలో 2008లో రవాణా ఏజెన్సీ 'ఒక మనిషికి ఒకటే చార్జీ' అని ఉత్తర్వు ఇచ్చింది. స్థూలకాయం వల్ల రెండు సీట్లు అవసరమైన వైకల్యం ఉన్నవాళ్ళ దగ్గర, దేశంలోపలి ప్రయాణాల్లో, ఆ దేశపు పెద్ద విమాన సంస్థలు రెండో టికెట్ డబ్బు తీసుకోకూడదు. సంస్థలు సుప్రీంకోర్టుకి వెళ్ళినా అప్పీలుకి అనుమతి దొరకలేదు. అడిగితే వస్తుందనడానికి అది ఉదాహరణ. వచ్చింది పోతుందనడానికీ ఉదాహరణ ఉంది. అమెరికాలో సౌత్‌వెస్ట్ సంస్థ లావుపాటి ప్రయాణికుల రెండో సీటు విషయంలో చాలా ఏళ్ళు ఉదారంగా ఉండి, 2026 జనవరి నుంచి ముందే కొనాలని, తిరిగి డబ్బు షరతుల మీదేనని మార్చేసింది. చట్టం ఇచ్చినదానికీ, సంస్థ దయతలిచి ఇచ్చినదానికీ తేడా అక్కడే ఉంది.

అమెరికాలో పది రోజులున్నాను. మెట్లెక్కుతూ ఆయాసపడ్డాను, మధ్యమధ్య కూర్చున్నాను, చూడాలనుకున్నవి చూశాను. చేతులున్న కుర్చీలు వేసిన సదస్సు హాల్లో "చేతుల్లేని కుర్చీ ఒకటి తెప్పిస్తారా?" అని అడిగాను. తెప్పించారు. నా పేపర్ బాగానే నడిచింది.

అక్కడ ఒక మిత్రురాలు, ఇంగ్లీషులో 'ఫ్యాట్' అనే తిట్టుని ఆ స్త్రీలు తమ మాటగా చేసుకున్నారు, తెలుగులో ఏమంటారని అడిగింది. స్థూలకాయం అనేది డాక్టర్ల మాట. బొద్దు అనేది ముద్దుగా తప్పించుకునే మాట. నాకు లావు అన్న మాటే తోచింది. పాత తెలుగులో లావు అంటే బలం. మొసలి పట్టు విడిపించుకోలేక అలిసిపోయిన పోతన గజేంద్రుడు పోయిందని వాపోయేది ఈ లావు గురించే. మన భాష ఒకప్పుడు బలానికి వాడిన మాట ఇవాళ పెళ్ళిచూపుల్లో పిల్లని కాదనడానికి పనికొస్తోంది.

మొన్న మా విభాగంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి వచ్చింది. దానికి లండన్‌లో మూడు నెలల ఫెలోషిప్ వచ్చింది. వీసా గురించి అడిగింది, బట్టల గురించి అడిగింది, చలి గురించి అడిగింది. లేవబోతూ తలుపువైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, "మేడమ్, బెల్టు..." అని ఆగిపోయింది.

"కూర్చో. తలుపు వెయ్యక్కర్లేదు" అన్నాను.