ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్క్

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ వనంలో, ఎల్లోస్టోన్ సరస్సు ఉత్తరపు ఒడ్డు దగ్గర ఉన్న విడిది. పడకలు, వంటగది, మరుగుదొడ్డి అమర్చుకున్న ఆర్‌వీ వాహనాల కోసమే ఏర్పాటైంది. 1872లో ఏర్పడిన ఈ వనంలో విడిదులు చాలానే ఉన్నా, బండి నిలిపిన చోటికే కరెంటు, మంచినీళ్లు, మురుగు గొట్టం మూడూ అందేది ఇక్కడ మాత్రమే. మురుగు వదిలేటప్పుడు ముందు మరుగుదొడ్డి ట్యాంకు, ఆ తర్వాత స్నానాల నీళ్ల ట్యాంకు తెరుస్తారు. వెనక వచ్చే సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి.

ఇది గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు. అందుకే గుడారాలకూ గుడ్డగోడల ట్రైలర్లకూ అనుమతి లేదు. తిండి సరే, ఖాళీ వంటగిన్నెలు కూడా ఆరుబయట వదలకూడదు. కఠినమైనా ఇది అవసరమైన నియమం. మనిషి తిండి మరిగిన ఎలుగుబంటి చివరికి ప్రాణమే పోగొట్టుకోవచ్చు.

పేరు పక్కనున్న వంతెనది. ఇప్పటి వంతెన 1937 నాటిది. కట్‌త్రోట్ ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టే చోటు కావడంతో 1973లో దానిమీద గాలం వేయడం నిషేధించారు. సరస్సు 7,733 అడుగుల ఎత్తున ఉంది, వేసవి రాత్రులూ చలే. చలికాలంలో విడిది మూసేస్తారు.