రాజ్యలక్ష్మమ్మ గారి ఇల్లు

మా పుట్టిల్లు రాజమండ్రే. అయినా కందుకూరి వీరేశలింగం పంతులు గారి ఇల్లు నేను మొన్నటిదాకా చూడలేదంటే నమ్ముతారా? ఇప్పుడది మ్యూజియం. సెలవులకి వెళ్లినప్పుడు మా అమ్మాయిని తీసుకెళ్లాను. మేమున్నంతసేపూ ఇంకెవరూ రాలేదు.

"ఎవరూ రాకపోతే దీన్ని మూసేస్తారా అమ్మా?" అంది. నా గుండె కలుక్కుమంది.

1881 డిసెంబరు 11న పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఇంట్లోనే. చిన్నతనంలోనే భర్త పోయిన గౌరమ్మకి, గోగులపాటి శ్రీరాములు గారికి పెళ్లి. ఊరు ఊరంతా మండిపడి వెలివేసింది. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేశారు. అప్పుడు పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, అందరికీ వండి పెట్టారు. దిక్కులేక వచ్చిన ఆడపిల్లల్ని కన్నకూతుళ్లలా చూసుకున్నారు. ఆ దంపతులకి సొంత పిల్లలు లేరు.

పంతులు గారి పేరు పాఠ్యపుస్తకాల్లో ఎప్పటికీ ఉంటుంది. ఆయన రాసినవి దొరుకుతాయి. మరి ఆవిడ మోసిన బిందెలు, వండిన అన్నం ఏ పుస్తకంలో వెతుక్కుంటాం? వాటిని గుర్తుచేసేది ఆ గోడలే. ఆ ఇంటికి తాళం పడితే ఆవిడ కష్టాన్ని మనం రెండోసారి మర్చిపోయినట్టే.

నాలాంటి గృహిణి ఏం చేయగలదు? వెళ్లగలను, నలుగురిని తీసుకెళ్లగలను. వచ్చే సెలవుల్లో మా అక్క పిల్లలూ వస్తున్నారు. మీరూ గోదావరి స్నానానికి వస్తే, ఓ అరగంట అక్కడ గడిపి వెళ్లండి.