రిజిస్టర్లో పేరు, బెంచీ మీద చోటు

ప్రభుత్వ బడి ఆవరణలో ఓ పక్కగా ఉండే గది అది. గోడకు బిగించిన నిలువుటద్దం, పట్టుకుని నడవడానికి రెండు ఇనుప కడ్డీలు, పూసలు, దారాలు, అక్షరాలు చెక్కిన చెక్కముక్కలు, ఓ మూల ఫిజియోథెరపీ బల్ల. మండల కేంద్రాల్లో కనిపించే ఈ గదిని భవిత కేంద్రం అంటారు. రంగారెడ్డి జిల్లా చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో నడక రాని, మాట రాని, చదువు నెమ్మదిగా ఎక్కే పిల్లలున్న ఇళ్లకు ఆ పేరు కొత్తేమీ కాదు. ఆ పిల్లల్లో చాలామందికి బడి తలుపు తెరుచుకున్నది అక్కడే. అయితే పక్కనే ఉన్న నాలుగో తరగతిలో, తమ ఈడు పిల్లల మధ్య, వాళ్లకు ఇంకా గట్టి చోటు దొరకలేదు. ఎందుకు దొరకలేదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

మన దేశంలో వికలాంగ పిల్లల చదువు విడి బడులతోనే మొదలైంది. అంధుల కోసం 1887లో అమృత్‌సర్‌లో బడి పెట్టారు. హైదరాబాద్ కూడా ఆ దారినే నడిచింది. మలక్‌పేటలో బధిరుల పాఠశాల, దారుల్‌షిఫాలో అంధుల పాఠశాల, 1968లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ వచ్చాయి. 1984లో సికింద్రాబాద్‌లో ఏకంగా జాతీయ సంస్థే వెలిసింది. ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నాం. ప్రత్యేక విద్యకు టీచర్లను తయారుచేసే అంత పెద్ద సంస్థ చేవెళ్ల నుంచి బస్సెక్కితే చేరుకునే దూరంలోనే ఉంది. కానీ చేవెళ్ల పక్క పల్లెలోని చూపులేని పిల్లకు చదువు కావాలంటే సిటీలో హాస్టల్లో ఉండాల్సి వచ్చేది. అమ్మానాన్నలు, అన్నదమ్ములు, ఊళ్లో దోస్తులు పండుగ సెలవులకే కనిపించేవారు. అది కుదరకపోతే ఇంటి అరుగు మీదే బాల్యమంతా గడిచిపోయేది.

మరో దారి ఉందని చెప్పినవాళ్లు లేకపోలేదు. 1944 నాటి సార్జెంట్ నివేదిక వికలాంగుల చదువును దేశ విద్యావిధానంలో భాగం చేయమంది. 1964-66 కొఠారీ కమిషన్, వీలైనంత వరకు ఈ పిల్లలు మామూలు బడుల్లోనే చదవాలంది. 1974లో కేంద్రం సమీకృత విద్యా పథకం తెచ్చింది. పుస్తకాలకు, యూనిఫారానికి, రాకపోకలకు, చూపులేని పిల్లలకు పాఠం చదివి వినిపించేవాళ్లకు డబ్బులివ్వడం అందులో ఉంది. ఆ పథకాన్ని మొదట నడిపింది సాంఘిక సంక్షేమ శాఖ. 1982 దాకా అది విద్యాశాఖ చేతికే రాలేదు. ఈ పిల్లల చదువును సాయంగా చూశారు తప్ప బడి బాధ్యతగా చూడలేదని ఈ ఒక్క సంగతిలోనే తెలిసిపోతుంది. ఆ చూపు నేటికీ పూర్తిగా పోలేదని నా అభిప్రాయం.

బడిలో చేర్చుకోవడం ఒకటి, కలుపుకోవడం ఇంకొకటి. శ్రీకాంత్ బొల్లా జీవితమే ఇందుకు సాక్ష్యం. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపులేకుండా పుట్టిన ఆయన ఊరి బడికే వెళ్లారు. అక్కడ చివరి బెంచీలో ఒంటరిగా కూర్చున్నానని, ఆటలకు ఎవరూ పిలిచేవారు కాదని తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. హైదరాబాద్ బేగంపేటలోని దేవనార్ అంధుల పాఠశాలకు వచ్చాకే ఆయన చదువు పుంజుకుంది. పది పాసయ్యాక సైన్స్ గ్రూపు ఇవ్వబోమంటే కోర్టుకెక్కి సాధించుకున్నారు. అటుపైన అమెరికాలో ఎంఐటీకి వెళ్లారు. విడి బడి ఆయనకు ధైర్యమిచ్చింది నిజమే. కానీ ఆ ధైర్యాన్ని ఊరి బడి ఎందుకు ఇవ్వలేకపోయిందన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతానికి ఈ విషయంలో సొంత అనుభవం ఒకటుంది. దాన్ని వికలాంగ విద్య చరిత్రలో ఎవరూ రాయరు. నా దృష్టిలో మాత్రం అది ఇక్కడే రావాలి. 1991లో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాలకార్మికుల మీద పని మొదలుపెట్టింది. దాన్ని ముందుండి నడిపించిన శాంతా సిన్హా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. బడికి రాని ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ బాలకార్మికులేనని ఆ సంస్థ తేల్చిచెప్పింది. పశువుల కాడ ఉన్నా, పొలంలో కలుపు తీస్తున్నా, ఇంట్లో తమ్ముణ్ని ఆడిస్తున్నా లెక్క ఒక్కటే. ఊళ్లోని చదువుకున్న యువకులు ఇంటింటికీ తిరిగారు. పంచాయతీల్లో, టీచర్ల ముందు ఇదే మాట మాట్లాడారు. 1997లో ప్రభుత్వ టీచర్లే బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడ్డారు. ఈ కృషికి 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

ఆ పనిలో బ్రిడ్జి కోర్సు శిబిరాలే కీలకం. పదేళ్లు నిండినా అక్షరం రాని పిల్లను ఒకటో తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతుంది. అందుకని కొన్ని నెలలు శిబిరంలో ఉంచి, చదువు నేర్పి, ఈడుకు తగ్గ తరగతిలోకి పంపేవారు. శిబిరంలో చేరిన రోజే పిల్ల ఎప్పుడు, ఏ బడిలో, ఏ తరగతిలోకి వెళ్లాలన్న ఆలోచన మొదలయ్యేది. వెళ్లాక మానేయకుండా ఊరివాళ్లు కనిపెట్టుకుని ఉండేవారు. శిబిరం దాటుకుని వెళ్లే చోటు, అక్కడే ఆగిపోయే చోటు కాదు. భవిత కేంద్రాన్ని తూచడానికి ఇంతకు మించిన తూనికరాయి నాకు కనిపించలేదు.

ఈలోగా ప్రకటనలు, చట్టాలు వరుసగా వచ్చాయి. 1994 నాటి అంతర్జాతీయ సలమాంకా ప్రకటన బడులన్నీ పిల్లలందరికీ తెరవాలంది. మన దేశంలో 1995 వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కు చేసింది. సర్వశిక్షా అభియాన్ ఏ బిడ్డనూ బడి నుంచి తిప్పి పంపకూడదని నియమం పెట్టింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. 2012 సవరణతో తీవ్ర వైకల్యమున్న పిల్లలు కావాలంటే ఇంటి దగ్గరే చదువుకునే వీలు కలిగింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. వైకల్యమున్నవారూ లేనివారూ కలిసి చదవడమే, పిల్లలకు తగ్గట్టు బోధన మారడమే సమ్మిళిత విద్య అని స్పష్టంగా చెప్పింది. ఇటలీ 1977లోనే ప్రత్యేక తరగతులను ఎత్తేసి, పిల్లలందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, సాయం చేసే టీచర్ని ఆ గదిలోకే పంపింది. మనం అదే మాటను చట్టంలో రాసుకున్నాం, బడిలో మాత్రం టీచర్ని పక్క గదిలో ఉంచాం.

ఆ టీచర్నే మన దగ్గర ఐఈఆర్పీ అంటారు. మండలానికి ఒకరిద్దరు, అదీ కాంట్రాక్టు మీద. పొద్దున్నే ఒక పిల్లవాడు అమ్మ చంకలో వస్తాడు, ఇంకొకడు ఆటోలో వస్తాడు. ఐఈఆర్పీ ఒకరికి చెంచా పట్టుకోవడం నేర్పాలి, ఇంకొకరికి గుడింతాలు దిద్దించాలి, మరొకరికి పెదవుల కదలికతో మాట పలికించాలి. ఆయా బాత్రూముకు తీసుకెళ్లి తీసుకొస్తుంది. ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు అద్దం ముందు కడ్డీలు పట్టుకుని అడుగులేయిస్తారు. కాళ్లకు కాలిపర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు కాన్పూర్‌లోని అలింకో సంస్థ నుంచి వస్తాయి. మంచం దిగలేని పిల్లలున్న ఇళ్లకు కూడా ఈ టీచరే వెళ్లాలి. మండలంలోని మిగతా బడుల్లో చేరిన పిల్లల్ని చూసిరావడం, రికార్డులు రాయడం సరేసరి. ఈ కొద్దిమంది ఇంత బరువు మోస్తుంటే, మనం వాళ్ల ఉద్యోగానికే భద్రత ఇవ్వలేదు.

ఇంకోవైపు వైకల్య సర్టిఫికెట్ ఉంది. 2010 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన సదరం శిబిరాల వల్ల వైకల్యాన్ని శాతంలో కొలవడం ఇంటింటికీ తెలిసింది. మామూలుగా నలభై శాతం, ఆపైన ఉంటే పింఛను. 2023లో తెలంగాణలో అది నెలకు 4,016 రూపాయలైంది. పేద ఇంటికి అది పెద్ద ఆసరా, దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. కానీ సర్టిఫికెట్ పింఛనుకు పనికొచ్చినంతగా తరగతి గదిలో పనికిరాలేదు. చదవడంలో అక్షరాలు తారుమారయ్యే డిస్లెక్సియాను 2016 చట్టం గుర్తించింది. అయినా ఆ పిల్లవాడు చాలాచోట్ల ఇప్పటికీ చివరి బెంచీలో మొద్దు అనిపించుకుంటూనే ఉన్నాడు. వాడి కాళ్లు, కళ్లు, చెవులు బాగానే ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన ప్రశస్త్ యాప్ ఇలాంటి పిల్లల్ని టీచరే తొలిదశలో గుర్తించడానికి ఉపయోగపడుతుంది. గుర్తించాక ఏం చేయాలో చెప్పే మనిషి కూడా ఆ బడిలో ఉండాలి కదా.

నాలుగో తరగతి టీచర్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. పల్లె ప్రాథమిక పాఠశాలల్లో ఒక్కరే రెండు మూడు తరగతులు చెబుతారు. 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కింద ప్రతి పిల్లా ధారాళంగా చదవాలి, కూడికలు తీసివేతలు రావాలి. ఆ లెక్కలు పంపాలి. మధ్యలో గదిలో గట్టిగా అరిచే ఆటిజం పిల్లవాడిని ఎలా నిమ్మళపరచాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. భవిత కేంద్రానికి పంపితే అందరికీ మంచిదని ఆమె అనుకోవడంలో దురుద్దేశం లేదు. అయితే నష్టపోయేది ఆ పిల్లవాడే. హాజరు పిలిచేటప్పుడు అతని పేరు తోటివాళ్ల చెవిన పడదు. మధ్యాహ్న భోజనానికి అతను వరుసలో నిలబడడు. ఆటల పీరియడ్లో జట్టు ఎంచుకునేటప్పుడు అతను ఎవరికీ గుర్తుకురాడు. రిజిస్టర్లో పేరున్నా ఆ తరగతి అతనిది కాదు.

దారి కూడా అడ్డమే. బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల నీడన లారీలు, కార్లు దూసుకుపోతుంటాయి. మొయినాబాద్ వైపు పొలాలు ఫామ్‌హౌసులు అయ్యాయి, చిలుకూరు దారిలో రద్దీ పెరిగింది. కర్ర పట్టుకుని నడిచే పిల్ల ఆ రోడ్డు దాటి బడికి చేరాలి. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకంతో తల్లులకు పల్లెవెలుగు బస్సు ఉచితమైంది. బిడ్డను తీసుకుని మండల కేంద్రానికి రావడం దానివల్ల తేలికైంది. అయినా బడి ముగిసేదాకా బయట కూర్చునే తల్లికి ఆ రోజు కూలి పోతుంది.

ఇప్పుడు పరిస్థితి కాస్త కదిలింది. సుప్రీంకోర్టు 2021లో రజనీశ్ కుమార్ పాండే కేసులో ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పది మంది పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు, ఆపై స్థాయిలో పదిహేను మందికి ఒకరు ఉండాలని చెప్పింది. పోస్టులు మంజూరు చేసి ప్రకటించాలని 2025లో మళ్లీ రాష్ట్రాలను ఆదేశించింది. తెలంగాణ 2024 డీఎస్సీ ప్రకటనలోని 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు ఉన్నాయి. ఆ టీచర్లు ఏ గదిలో పని చేయాలన్నది ఇక జిల్లా అధికారులు, హెడ్మాస్టర్లు తేల్చాల్సిన విషయం. భవిత కేంద్రం టైంటేబుల్లో ప్రతి పిల్లవాడి పేరు ఎదురుగా తరగతి పీరియడ్లు కూడా రాయాలి. ఆ పీరియడ్లలో ప్రత్యేక టీచరు కూడా పిల్లవాడితో పాటు నాలుగో తరగతిలోకి వెళ్లాలి. అతని హాజరు ఆ తరగతి రిజిస్టర్లోనే, ఆ తరగతి పిల్లల ముందే పిలవాలి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో అతని తల్లికో తండ్రికో చోటుండాలి. వీటికి కొత్త జీవో అక్కర్లేదు, కొత్త భవనం అసలే అక్కర్లేదు. వచ్చే జూన్‌లో బడులు తెరిచే నాటికి చేవెళ్ల, మొయినాబాద్ బడుల్లో మొదలుపెట్టవచ్చు.