తుక్కులో దొరికేవి, దొరకనివి

ఇంట్లో స్పోర్ట్స్ కారు కట్టుకోవడం డబ్బున్నవాళ్ళ సరదా అనుకునేవాణ్ణి. చరిత్ర చూస్తే అసలు సంగతి పన్ను! 1957లో కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్‌ని కిట్‌గా కూడా అమ్మాడు. అప్పట్లో బ్రిటన్‌లో తయారైన కారుకి పర్చేజ్ టాక్స్ పడేది, కిట్‌కి పడేది కాదు. 1973లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయింది.

సరదా మాత్రం పోలేదు. 250 పౌండ్లలోనే ఇలాంటి కారు కట్టొచ్చంటూ 1996లో రాన్ ఛాంపియన్ పుస్తకం రాశాడు. ఇంజిను, వెనక ఇరుసు పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌వి. ముందు చక్రాలను పట్టి ఉంచే అప్‌రైట్లు కార్టినావి.

మరి స్ప్రింగులు కూడా తుక్కులోవేనా? కాదండీ. అప్‌రైట్ పెద్ద కారుదైతే కాస్త బరువెక్కువ, అంతే. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ మాత్రం ఆ కారు బరువుకి లెక్కకట్టి చేసినవి. వాటిని తేలికపాటి కారుకి బిగిస్తే గతుకు తగిలినప్పుడల్లా బండి ఎగిరిపడుతుంది, చక్రం నేలని వదిలేస్తుంది. అందుకే ఈ రెండూ కొత్తవి కొనేవారు.

ఒకసారి నేను పెద్ద ప్రాజెక్టులోని కోడ్‌ని, టైమౌట్లతో సహా, చిన్నదాంట్లో పెట్టేశాను. కోడ్ బాగానే ఉంది, కొంప ముంచింది ఆ అంకెలే. రెండు రాత్రులు ఆఫీసులోనే జాగారం. ఎవరో చేసినది వాడుకోవడం తప్పు కాదు, కానీ ఏ బరువుకి చేశారో అడగాలి కదా!